థైరాయిడ్ మాత్ర, గర్భనిరోధక మాత్ర వేసుకునేవారు దిగులుకు అశ్వగంధ, సెయింట్ జాన్స్ వర్ట్ వాడవచ్చునా?

ప్రొద్దుటూరు నుంచి ఒక ఉపాధ్యాయిని అడిగిన ప్రశ్న ఇది. ఆమె వయసు 38. నాలుగు నెలలుగా తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వస్తోంది, ఆ తర్వాత నిద్ర పట్టడం లేదు. తరగతి గదిలోకి వెళ్ళే ముందు గుండె దడ, అరచేతుల్లో చెమట. సాయంత్రానికి ఒళ్ళంతా నీరసం, ఇంట్లోవాళ్ళతో కూడా మాట్లాడబుద్ధి కాకపోవడం. అయినా బడి మానలేదనీ, ఇంటి పని ఆగలేదనీ, చనిపోవాలన్న ఆలోచనలు లేవనీ ఆమె స్పష్టంగా రాశారు. మూడేళ్ళుగా రోజూ 50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను) మాత్ర వేసుకుంటున్నారు. ఆరు నెలల క్రితం మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టారు. థైరాయిడ్ పరీక్ష చేయించుకొని ఏడాది దాటింది. అమెరికాలో ఉన్న చెల్లెలు, దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక క్యాప్సూళ్ళ సీసా పంపించింది. ఊళ్ళోని ఆయుర్వేద మందుల అంగడిలో అశ్వగంధ తీసుకోమన్నారు. ఈ రెండింటిలో ఏది మేలు, రెండూ కలిపి వేసుకోవచ్చునా, మూలికలే కాబట్టి వైద్యునికి చెప్పకపోయినా ఫరవాలేదా అని ఆమె అడిగారు.

అమ్మా, ముందు సమాధానం చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను. మాలా-ఎన్ వేసుకుంటున్నంత కాలం సెయింట్ జాన్స్ వర్ట్ సీసా మూత తీయకండి. అశ్వగంధ సంగతి థైరాయిడ్ పరీక్ష ఫలితం చేతికి వచ్చాక, మీ మాత్ర మోతాదు నిర్ణయించే వైద్యునితో మాట్లాడిన తర్వాతే ఆలోచించండి. రెండూ కలిపి వద్దు. వైద్యునికి తప్పకుండా చెప్పాలి. పైగా మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, మీ బాధలో కొంత భాగానికి మూలం థైరాయిడ్ మోతాదులోనే ఉండవచ్చు. అదే నిజమైతే ఏ మూలికతోనూ దానికి సరైన చికిత్స జరగదు.

నేను కర్నూలులో వైద్య విద్యార్థులకు ఔషధశాస్త్రం బోధించినవాణ్ణి. ఆయుర్వేద వైద్యుణ్ణి కాను, మనోవైద్యుణ్ణీ కాను. ఒక మందు ఇంకొక మందుతో ఎక్కడ తగాదా పడుతుందో చూడడమే నా వృత్తి. ఆ వృత్తిలో మూలిక అనీ, మాత్ర అనీ రెండు కులాలు లేవు. మనసు మీద పనిచేసేంత సత్తా ఒక వేరుకు ఉందని ఒప్పుకుంటే, కాలేయం మీద, థైరాయిడ్ మీద, మీరు వేసుకునే మిగతా మాత్రల మీద పనిచేసే సత్తా కూడా దానికి ఉండవచ్చునని ఒప్పుకోక తప్పదు. గుణం మాత్రమే ఉండి దోషం లేని మందును నేను ఇంతవరకూ చూడలేదు.

మీ థైరాయిడ్ విషయంతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో నన్ను ఆపిన వివరం అదే. మాలా-ఎన్ మాత్రలో లెవోనార్‌జెస్ట్రెల్ అనే హార్మోనుతో పాటు ఇథినైల్ ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజెన్ ఉంటుంది. నోటిద్వారా తీసుకున్న ఈస్ట్రోజెన్ కాలేయంలో, థైరాయిడ్ హార్మోనును రక్తంలో మోసుకుపోయే ప్రోటీన్ తయారీని పెంచుతుంది. ఆ ప్రోటీన్ పెరిగితే హార్మోనులో ఎక్కువ భాగం దానికి అంటుకొని ఉండిపోతుంది, శరీరానికి పనికివచ్చే భాగం తగ్గుతుంది. థైరాయిడ్ గ్రంథి బాగా పనిచేసేవారిలో ఆ లోటును గ్రంథే పూడ్చుకుంటుంది. మీలాగా బయటినుంచి మాత్ర మీద ఆధారపడినవారిలో ఆ వెసులుబాటు తక్కువ, కాబట్టి నిన్నటిదాకా సరిపోయిన 50 మైక్రోగ్రాములు ఈరోజు చాలకపోవచ్చు. ఆరు నెలల క్రితం మాత్రలు మొదలయ్యాయి, నాలుగు నెలల క్రితం నీరసం, దిగులు మొదలయ్యాయి. ఇది యాదృచ్ఛికమూ కావచ్చు, కాకపోనూ వచ్చు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తగ్గితే పెరిగే, పెరిగితే తగ్గే హార్మోను), ఫ్రీ టీ4 (దేనికీ అంటుకోకుండా రక్తంలో విడిగా ఉన్న థైరాయిడ్ హార్మోను) పరీక్షలు చేయిస్తే తేలుతుంది. గర్భనిరోధక మాత్రలు కొందరు స్త్రీలలో నేరుగానే మనసును కొంత కుంగదీస్తాయన్న సంగతి కూడా స్త్రీల వైద్యురాలి చెవిన వేయండి. కాపర్-టి వంటి హార్మోను లేని పద్ధతి మీకు కుదురుతుందేమో ఆమె చూస్తారు. అంతవరకూ మీ అంతట మీరు మాలా-ఎన్ మానవద్దు.

అదే సమయంలో థైరాక్సిన్ ఎలా వేసుకుంటున్నారో ఒకసారి గమనించుకోండి. పరగడుపున మంచినీళ్ళతో వేసుకొని, కాఫీ, టీ, టిఫిన్‌కు కనీసం అరగంట, వీలైతే గంట ఎడం ఇవ్వాలి. ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకుంటుంటే వాటికీ దీనికీ నాలుగు గంటల దూరం ఉండాలి. పొద్దున్నే బడికి పరుగెత్తే ఇళ్ళలో మాత్ర, కాఫీ రెండూ ఒకే గుక్కలో లోపలికి పోవడం సాధారణం. మోతాదు చాలలేదని పెంచేముందు వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే.

ఇక సెయింట్ జాన్స్ వర్ట్. దీని శాస్త్రీయ నామం హైపెరికమ్ పెర్ఫొరేటమ్. యూరప్‌లో ఎప్పటినుంచో ఎరిగిన మొక్క, మన దేశంలో కాశ్మీరు, హిమాచల్ ప్రాంతాల్లో పెరుగుతుంది. స్వల్ప, మధ్యస్థ కుంగుబాటుకు వాడే మూలికలన్నింటిలో ఎక్కువ పరీక్షలకు నిలిచినది ఇదేనని నిష్పక్షపాతంగా చెప్పాలి. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ 2008లో వెలువరించిన సమీక్ష 29 పరీక్షలను, 5,489 మంది రోగులను పరిశీలించి, మందు లేని ఉత్తుత్తి మాత్రకంటే ఇది మెరుగనీ, మామూలు కుంగుబాటు మాత్రలతో దాదాపు సమానమనీ, దుష్ఫలితాలవల్ల మధ్యలో మానేసేవారు తక్కువనీ తేల్చింది. జర్మన్ భాషా దేశాలనుంచి వచ్చిన ఫలితాలే మరీ అనుకూలంగా ఉన్నాయన్న మాట కూడా ఆ సమీక్షలోనే ఉంది. 2002లో అమెరికాలో 340 మందిపై జరిగిన పెద్ద పరీక్షలో మధ్యస్థంగా తీవ్రమైన కుంగుబాటుకు ఇది ఉత్తుత్తి మాత్రను మించలేదు; అయితే అదే పరీక్షలో పోలికకు పెట్టిన సెర్ట్రలీన్ అనే కుంగుబాటు మాత్ర కూడా ప్రధాన కొలతల్లో మించలేకపోయింది, కాబట్టి ఆ ఒక్క ఫలితాన్ని పట్టుకొని మూలికను కొట్టిపారేయడం న్యాయం కాదు. మీ చెల్లెలు పనికిరానిది పంపలేదు. పనిచేసే మందునే పంపింది, చిక్కంతా అక్కడే ఉంది.

ఈ మొక్కలో హైపర్‌ఫోరిన్ అనే పదార్థం ఉంది. అది కాలేయంలోనూ పేగుల్లోనూ సీవైపీ3ఏ4 అనే ఎంజైమును ఎక్కువగా తయారయ్యేలా చేస్తుంది. మనం మింగే మందుల్లో చాలావాటిని విరగ్గొట్టి బయటికి పంపించేది ఆ ఎంజైమే. అది పెరిగితే ఆ మందులు రక్తంలో ఉండవలసినంతసేపు ఉండవు. గర్భనిరోధక మాత్రలోని రెండు హార్మోన్లకూ ఇది వర్తిస్తుంది. మధ్యలో రక్తస్రావం కనిపించడం మొదటి సూచన. అనుకోని గర్భాలు వచ్చిన సంఘటనలు కూడా నమోదయ్యాయి. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2000లోనే ఈ విషయం హెచ్చరించి, చర్మం కింద అమర్చే గర్భనిరోధకాలకు కూడా ఇది వర్తిస్తుందని 2014లో మళ్ళీ గుర్తుచేసింది. మందు మానేసినా ఈ ప్రభావం వెంటనే పోదు. కనీసం రెండు వారాలు మిగిలి ఉంటుందనుకొని జాగ్రత్తపడాలి.

మీకు సంబంధం లేకపోయినా, ఇది చదివే ఇంకొకరికి ప్రాణం మీదికి వచ్చే విషయం కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ఏఆర్‌టీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ మందులు తీసుకునేవారు, మూత్రపిండం మార్పిడి చేయించుకొని సైక్లోస్పోరిన్ లేదా టాక్రోలిమస్ వాడేవారు, గుండె కవాటాల ఆపరేషన్ తర్వాత వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలుచన చేసే మందు వాడేవారు, గుండె జబ్బుకు డిజాక్సిన్ వాడేవారు ఈ మూలికను ముట్టుకోకూడదు. 2000లో జ్యూరిచ్‌నుంచి వచ్చిన నివేదికలో, గుండె మార్పిడి జరిగిన ఇద్దరు రోగుల్లో సైక్లోస్పోరిన్ పరిమాణం పడిపోయి, కొత్త గుండెను శరీరం తిరస్కరించే స్థితి వచ్చింది. కారణం వెతికితే సెయింట్ జాన్స్ వర్ట్ అని తేలింది. ఇప్పటికే ఎస్‌సిటాలోప్రామ్, సెర్ట్రలీన్ వంటి కుంగుబాటు మాత్రలు వాడుతున్నవారు దీన్ని కలిపితే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మోతాదు మించి, వణుకు, చెమటలు, విరేచనాలు, జ్వరం, విపరీతమైన అలజడితో ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. గతంలో ఎప్పుడైనా నిద్ర అక్కరలేనంత హుషారు, విపరీతమైన ఖర్చులు, మాటల ప్రవాహం వంటి దశ వచ్చినవారిలో ఇది మళ్ళీ ఆ ఉన్మాద దశను రేపవచ్చు. చర్మం ఎండకు త్వరగా కమిలిపోయే గుణం కూడా దీనికి ఉంది. మామూలు మోతాదులో అరుదే అయినా, మన కడప, అనంతపురం ఎండల్లో పొలం పని చేసేవారికి చెప్పకుండా ఉండలేను.

అశ్వగంధ మనకు పరాయిది కాదు. పెన్నేరు గడ్డ అంటే మన పెద్దలకు తెలుసు. అనంతపురం, కర్నూలు జిల్లాల్లోని వర్షాధారపు నేలల్లో రైతులు దీన్ని పండిస్తున్నారు. మొక్కను వేళ్ళతో సహా పీకి, వేరు కోసి, ఎండబెట్టి, లావును బట్టి వేరుచేసి అమ్ముతారు. ఈ సరుకుకు పెద్ద మార్కెట్ మధ్యప్రదేశ్‌లోని నీమచ్. ఇంటిపక్క పొలంలో పండేది కదా అన్న చనువుతోనే చాలామంది దీన్ని కూరగాయలాగా చూస్తారు. చనువు వేరు, మోతాదు వేరు.

ఆందోళనకు దీని మీద జరిగిన పరీక్షలు చాలావరకు చిన్నవి, ఎనిమిది వారాలకు అటూఇటూగా సాగినవి. ఎక్కువగా ఉదహరించేది 2012లో ప్రచురితమైన హైదరాబాదు అధ్యయనం. అందులో దీర్ఘకాలిక ఒత్తిడి ఉన్న 64 మందిలో సగానికి 300 మిల్లీగ్రాముల వేరు సారం రోజుకు రెండుసార్లు, 60 రోజులు ఇచ్చారు. ఒత్తిడి కొలతలు, రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను రెండూ ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలోకంటే బాగా తగ్గాయి. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలూ చాలావరకు అదే దిశలో ఉన్నాయి. నా అంచనా ఏమిటంటే, ఒత్తిడివల్ల వచ్చే గాబరాకు, నిద్రలేమికి దీనితో ఓ మోస్తరు ఉపశమనం నిజంగానే దొరుకుతుంది. కుంగుబాటుకు మాత్రం సెయింట్ జాన్స్ వర్ట్‌కు ఉన్నంత ఆధారం దీనికి లేదు. ఈ పరీక్షల్లో కొన్నింటికి సారం తయారుచేసే కంపెనీలే ఖర్చు పెట్టాయన్న సంగతి కూడా పాఠకులు మనసులో ఉంచుకోవాలి.

మీ విషయంలో అసలు చిక్కు వేరు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోనును పెంచుతుంది. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, థైరాయిడ్ స్వల్పంగా తగ్గిన 50 మందిని తీసుకొని కొందరికి రోజుకు 600 మిల్లీగ్రాముల వేరు సారం ఎనిమిది వారాలు ఇస్తే టీఎస్‌హెచ్ తగ్గింది, టీ3, టీ4 పెరిగాయి. మాత్ర వాడనివారికి అది శుభవార్తలాగా కనిపించవచ్చు. మాత్ర వాడేవారిలో మాత్రం రెండు వైపులనుంచీ హార్మోను వచ్చి, థైరాయిడ్ ఎక్కువైపోయే ప్రమాదం ఉంది. అటువంటి కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. థైరాయిడ్ ఎక్కువైతే కనిపించే లక్షణాలు ఏమిటి? గుండె దడ, చేతుల వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం, చిరాకు. అంటే ఏ బాధకోసం అశ్వగంధ మొదలుపెట్టారో సరిగ్గా ఆ బాధే పెరుగుతుంది. దాన్ని మందు చాలకపోవడంగా పొరబడి మోతాదు పెంచేవారు ఉంటారు. మీ పరీక్షలో హార్మోను తక్కువగా ఉందని తేలినా, దాన్ని సరిచేయవలసింది థైరాక్సిన్ మోతాదుతోనే. ఎంత పెరిగిందో కొలిచి చెప్పగలిగే మార్గం అదొక్కటే.

కాలేయం సంగతి ఈమధ్యే బయటపడింది. 2020లో ఐస్‌లాండ్, అమెరికాలకు చెందిన ఐదుగురు రోగుల వివరాలు ప్రచురితమయ్యాయి. అశ్వగంధ మొదలుపెట్టిన 2 నుంచి 12 వారాల మధ్య వారికి కామెర్లు, విపరీతమైన దురద వచ్చాయి, మందు ఆపాక కొన్ని నెలల్లో కోలుకున్నారు. 2023లో మన దేశపు ఆసుపత్రులనుంచి వచ్చిన నివేదికలో అప్పటికే కాలేయ జబ్బు ఉన్నవారిలో మరణాలు కూడా ఉన్నాయి. అదే ఏడాది డెన్మార్క్ అశ్వగంధ అమ్మకాన్ని నిషేధించింది. లక్షల మంది వాడుతున్న మందులో ఇవి అరుదైన సంఘటనలే, నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. మద్యం తాగేవారు, కొవ్వు పట్టిన కాలేయం ఉన్నవారు, హెపటైటిస్ బి ఉన్నవారు దీనికి దూరంగా ఉండాలని మాత్రం గట్టిగా చెబుతాను. గర్భిణులకు, బిడ్డకు పాలిచ్చే తల్లులకు, నిద్రమాత్రలు లేదా రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవారికి కూడా ఇదే మాట. మధుమేహం, రక్తపోటు మాత్రలు వాడేవారిలో ఇది చక్కెరను, పోటును ఇంకొంచెం దించవచ్చు కాబట్టి వైద్యుని పర్యవేక్షణ కావాలి.

పరీక్షల్లో వాడినది వేరు సారం. అంగట్లో అమ్మేది తరచుగా చూర్ణం. సంప్రదాయంగా చూర్ణం మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాములు, సారం 300 నుంచి 600 మిల్లీగ్రాములు. చూర్ణం లెక్కలో సారాన్ని చెంచాతో కొలిస్తే మోతాదు ఎన్నో రెట్లు దాటిపోతుంది. ఆకు కలిపిన సరుకు ఇంకొక తలనొప్పి. వేరుకంటే ఆకు చవక, రసాయనాలూ వేరు, అందుకే 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ అశ్వగంధ ఆకును వాడవద్దని తయారీదారులకు సూచించింది. పెట్టెమీద వేరు అని స్పష్టంగా ఉందా, ఆయుర్వేద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయా చూడండి. సంతలోనూ, బస్టాండు దగ్గరా పొట్లాల్లో కట్టి అమ్మే పొడులు ఎంత చవకైనా కొనవద్దు. పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్లు, మత్తు మాత్రల పొడి కలిపిన సందర్భాలు మన దేశంలో చాలాసార్లు బయటపడ్డాయి. రెండు రోజుల్లోనే అద్భుతంగా నిద్ర పట్టిస్తున్న నాటు మందును చూస్తే నాకు సంతోషంకంటే అనుమానం ముందు కలుగుతుంది.

మీ టీఎస్‌హెచ్ సరిగా ఉండి, కాలేయ పరీక్ష బాగుండి, వైద్యుడు సరేనంటే అప్పుడు అశ్వగంధను ఒక పరిమితిలో ప్రయత్నించవచ్చు. తక్కువ మోతాదుతో, రాత్రి భోజనం తర్వాత మొదలుపెట్టాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్ళీ చూడాలి. ఆ గడువులోగా నిద్రలో గానీ గాబరాలో గానీ స్పష్టమైన తేడా కనిపించకపోతే మానేయాలి, ఏళ్ళతరబడి అలవాటుగా సాగదీయకూడదు. దడ పెరిగినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, ఒళ్ళంతా దురద పుట్టినా అదే రోజు ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.

మిగతా మూలికల గురించి మీరు అడగలేదు గానీ, అంగడివాళ్ళు తప్పకుండా చూపిస్తారు కాబట్టి రెండు మాటలు. బ్రాహ్మి మీద జరిగిన పని ఎక్కువగా జ్ఞాపకశక్తి గురించినది, ఆందోళనకు ఆధారం పలుచన. మనం సరస్వతి ఆకు అని పిలిచేది ఇంకొక మొక్క. పప్పులో వేసుకుంటే ఏమీ కాదు, గాఢమైన మాత్రల రూపంలో మాత్రం కాలేయానికి చేటు చేసిన ఉదంతాలు ఉన్నాయి. జటామాంసి మీద మనుషుల్లో జరిగిన పరీక్షలు బహు స్వల్పం, పైగా హిమాలయాల్లో ఆ మొక్కే అంతరించిపోయే దశలో ఉంది. తగర జాతికి చెందిన వలేరియన్ మీద ఆందోళనకు కోక్రేన్ సమీక్షకు దొరికినది 36 మందితో జరిగిన ఒకే ఒక్క పరీక్ష. కుంకుమపువ్వు రోజుకు 30 మిల్లీగ్రాముల చొప్పున స్వల్ప కుంగుబాటుకు ఉపయోగపడిందని ప్రధానంగా ఇరాన్‌నుంచి వచ్చిన చిన్న పరీక్షలు చెబుతున్నాయి. నమ్మకమైనదీ, స్వచ్ఛమైనదీ దొరకడమే కష్టం. విదేశీ చామంతి టీ హాని లేనిది, కానీ మన పూల అంగడిలో దొరికే చామంతి ఆ చామంతి కాదు. కావా అనే పసిఫిక్ దీవుల వేరును ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కాలేయం దెబ్బతిన్న ఉదంతాల దృష్ట్యా అది వద్దు.

సర్పగంధ గురించి మాత్రం గొంతు పెంచి చెప్పాలి. నిద్రకు, రక్తపోటుకు ఇచ్చే కొన్ని ఆయుర్వేద మాత్రల్లో ఇది ఉంటుంది. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ దీని గుణాలను వైద్య ప్రపంచానికి వివరించారు, 1952లో దీనినుంచి రెసెర్పీన్ అనే మందును వేరుచేశారు. రెసెర్పీన్ మెదడులోని సెరటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాల నిల్వలను ఖాళీ చేస్తుంది; దిగులు ఉన్నవారికి దీన్ని ఇవ్వకూడదన్నది పాత పాఠ్యపుస్తకాలనుంచీ ఉన్న హెచ్చరిక. నిద్రకోసం ఏ ఆయుర్వేద మాత్ర ఇచ్చినా పెట్టె తిప్పి ఈ పేరు ఉందేమో చదవండి.

అరిష్టాల విషయం ఇంకొకటి. అశ్వగంధారిష్టం, సారస్వతారిష్టం పులియబెట్టి చేసేవి, వాటిలో సహజంగా తయారైన మద్యసారం ఉంటుంది. ఇంట్లో ఎవరైనా తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ మాత్ర వాడుతుంటే, నరాల బలానికని అరిష్టం పట్టించినా వారికి ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోవచ్చు. స్మృతిసాగర రసం వంటి రసౌషధాల్లో పాదరసం, ఆర్సెనిక్ ఖనిజాలైన తాళకం, మణిశిల ఉంటాయి; వాటిని శిక్షణ పొందిన ఆయుర్వేద వైద్యుడు చూసి ఇవ్వవలసిందే తప్ప అంగట్లో అడిగి కొనుక్కునేవి కావు. ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే దాదాపు ఐదింట ఒక దానిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించాయని 2008లో ఒక అమెరికన్ అధ్యయనం ప్రకటించింది.

మనోవైద్యుని దగ్గరకు వెళితే నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకు మీ ప్రశ్నలో పంక్తుల మధ్య కనిపించింది. నాలుగు నెలలు నిద్ర లేకపోవడం చిన్న విషయం కాదు. కుంగుబాటు తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం తెలుగులో కూడా ఉంది. గడచిన రెండు వారాల్లో ఎలా ఉన్నారో గుర్తించుకుంటే 27కు మొత్తం వస్తుంది. 5 నుంచి 9 వరకు స్వల్పం, 10 నుంచి 14 మధ్యస్థం, ఆపైన తీవ్రత పెరుగుతుంది. 10 దాటితే మూలికలతో కాలయాపన చేయకూడదని నా అభిప్రాయం. తొమ్మిదో ప్రశ్న ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గురించినది. దానికి సున్నా కాక మరే జవాబు వచ్చినా మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి. కడప రిమ్స్‌లో గానీ, కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రుల్లో గానీ మానసిక వైద్య విభాగం అక్కడి మిగతా విభాగాల్లాంటిదే. ఓపీ చీటీ రాయించుకొని వెళ్ళి రావచ్చు. ఇంటినుంచి కదలకుండా మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

వైద్యుడు ఎస్‌సిటాలోప్రామ్ వంటి మాత్ర రాస్తే దానికి మూలికకంటే ఎక్కువ భయపడనవసరం లేదు. దాని మోతాదు కచ్చితం, గుణదోషాలు తెలిసినవి, జనరిక్ అంగళ్ళలో చవక. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మానేటప్పుడు కొంచెం కొంచెంగా తగ్గించాలి. అలవాటుగా పట్టుకునేది గాబరాకు, నిద్రకు ఇచ్చే ఆల్‌ప్రజోలామ్ జాతి. షెడ్యూలు హెచ్-1లో ఉన్న ఆ మాత్రలను చీటీ లేకుండా ఇచ్చే మందుల అంగడిని నమ్మవద్దు. స్వల్ప స్థాయిలో ఉన్న బాధకు మందు లేకుండానే మాటల చికిత్స, రోజూ వేగంగా నడవడం, మానేసిన ఇష్టమైన పనులను ఒక్కొక్కటిగా దినచర్యలోకి తిరిగి తెచ్చుకోవడం బాగా పనిచేస్తాయని చాలా పరీక్షలు చూపించాయి. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ పూర్తిగా ఆపి రెండు వారాలు చూడండి. తెల్లవారుజామున వచ్చే మెలకువలో దాని వాటా కూడా తేలుతుంది.

పరీక్షకు వెళ్ళినప్పుడు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4తో పాటు హిమోగ్లోబిన్, బి12, చక్కెర, కాలేయ పరీక్ష కూడా రాయించుకోండి. రక్తహీనత, బి12 లోపం రెండూ దిగులుగా, నీరసంగా బయటపడగలవు. చెల్లెలు పంపిన సీసాను కూడా వెంట తీసుకెళ్ళి వైద్యునికి చూపించండి. ఆ పొద్దు థైరాక్సిన్ మాత్రను రక్తం ఇచ్చిన తర్వాత వేసుకోండి. జుట్టు రాలుతోందని బయోటిన్ ఉన్న మాత్రలు ఏమైనా వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందే ఆపాలి, లేకపోతే థైరాయిడ్ ఎక్కువగా ఉన్నట్టు తప్పుడు ఫలితం వస్తుంది.